మెడాక్ సీమ ద్రాక్షాసవము

ఫ్రాన్సు దేశమున బోర్దో నగరమునకు ఉత్తరముగా, జిరోంద్ నదీముఖమున కెడమగట్టున మెడాక్ సీమ కలదు. నేల గులకరాళ్ళమయము. ఆ రాళ్ళు వాననీటిని నిలువనీయవు. పగటి వేడిమిని దాఁచి రాత్రి తీఁగల కిచ్చును. అందుచేతనే ఆలస్యముగాఁ బండెడి కాబెర్నే ద్రాక్ష యచ్చటఁ బక్వమగును. దానితో మెర్లో మొదలగు జాతులను గలిపి చేసిన యెఱ్ఱని యాసవమువలననే యా సీమకు ఖ్యాతి.

రుచిపరీక్షకులు దీనిని త్రాగరు! పాత్రను వంచి రంగు గాంతురు, త్రిప్పి వాసన చూతురు, పుక్కిలించి యుమియుదురు. దేవదారు చెక్కను దలఁపించు పరిమళము, నాలుకను బట్టు వగరు, మ్రింగిన పిదప, కాదు, ఉమిసిన పిదప నిలుచు రుచి, వీనినే తూఁచెదరు. వాసనచేతనే పులుసున నుప్పు చాలలేదని చెప్పెడి మన యవ్వల కీ విద్య క్రొత్తగాదు.

అయినను 1855లో పారిస్ ప్రదర్శనమునకై బోర్దో దళారులు వీనిని అయిదు తరగతులుగా నేర్పఱచినది నాలుకను బట్టి కాదు, ముఖ్యముగా వెలను బట్టి. అటుపిమ్మట రెండవ తరగతినుండి మొదటిదాని కెక్కినది 1973లో మూతోన్ రోత్‌షీల్డ్ ఒక్కటియే.

1976 మే 24వ తేదీన పారిస్‌లోనే, పేర్లు మఱుఁగుపఱచి ఫ్రెంచి నిపుణులచే రుచి చూపించిరి. కాలిఫోర్నియాలోని నాపా లోయకుఁ జెందిన స్టాగ్స్ లీప్ వారి 1973 కాబెర్నే, మూతోన్‌ను మించి ప్రథమస్థాన మందెను! తమ యాసవము నిలువచేసినకొలఁది మేలగునని బోర్దో పక్షమువారు వాదించిరి. 2006లో ఆ పాత పంటలనే మరల రుచి చూడఁగా మొదటి యయిదు స్థానములును కాలిఫోర్నియాకే దక్కెను.

మెడాక్ సీసాలమీఁద 1855 నాఁటి తరగతి పే రింకను అచ్చగుచునే యున్నది.