అటకెక్కిన కోడ్

'రోజంతా ఆ కంప్యూటర్ ముందు ఏం చేస్తావ్?' అని అడిగే చుట్టాలకు నేను పప్పు గురించి చెబుతుంటాను. ఉప్పు తగ్గితే విస్తట్లో కలుపుకోవచ్చు. వెల్లుల్లి వద్దనుకుంటే మాత్రం పోపు పెట్టకముందే చెప్పాలి. పడ్డాక ఏరడం ఎవరి తరం?

సి భాషలో రాసే ప్రోగ్రాముల్లోనూ ఇలా ముందే తేల్చుకోవాల్సినవి ఉంటాయి. మేం రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. అంతకుముందే 'ఈ సదుపాయం కావాలా, వద్దా' అని తేల్చే చిన్న స్విచ్చులు కోడ్‌లో పెడతాం. వాటిని 'ఇఫ్‌డెఫ్'లు అంటాం. వద్దంటే ఆ భాగం కంపైలర్ దాకా రానే రాదు. తయారైన ప్రోగ్రాములో దాని ఆనవాలే ఉండదు. ఒకే లినక్స్ కెర్నల్ వైఫై రూటర్‌లోనూ, ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ, సూపర్ కంప్యూటర్‌లోనూ ఒదిగిపోతోందంటే ఇలాంటి వేల స్విచ్చుల చలవే.

చిక్కల్లా ఒకటే. ఆపేసిన కోడ్‌ను ఎవరూ చూడరు, కంపైలర్‌తో సహా! చుట్టూ ప్రోగ్రాం మారిపోతున్నా అది మాత్రం అలాగే పాతబడిపోతుంది. ఎప్పుడో ఎవరో స్విచ్చి వేస్తే అప్పుడు తప్పులన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. పైగా పది స్విచ్చులుంటే 1,024 రకాల ప్రోగ్రాములు, ఇరవై ఉంటే పది లక్షల పైచిలుకు. అన్నిటినీ పరీక్షించే ఓపిక ఎవరికుంది? ఇఫ్‌డెఫ్‌లు హానికరమంటూ హెన్రీ స్పెన్సర్, జెఫ్ కాలియర్ 1992లోనే ఓ వ్యాసం రాశారు.

అక్కర్లేని స్విచ్చి వేసి ఉంచడం ఇంకా ప్రమాదం. ఇంటర్నెట్‌లో మన రహస్యాలను కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 2012లో 'హార్ట్‌బీట్' అనే సదుపాయం చేరింది. ఎవరూ అడగకపోయినా ఆ స్విచ్చి వేసే ఉండేది. అందులోని లోపంతో సర్వర్ల మెమరీలోంచి పాస్‌వర్డులు కూడా లాగేయవచ్చని 2014 ఏప్రిల్‌లో బయటపడింది. అదే 'హార్ట్‌బ్లీడ్'. కొత్త వెర్షన్ వెంటనే వేసుకోలేనివారికి చెప్పిన విరుగుడేమిటో తెలుసా? ఆ స్విచ్చి ఆపేసి మళ్లీ కంపైల్ చేసుకోమని!

అందుకే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలకు నేను మూడే ముక్కలు చెబుతాను. స్విచ్చులను కోడంతా వెదజల్లకండి, ఒక్కచోట పెట్టండి. వీలైనచోట మామూలు 'ఇఫ్' వాడండి. అప్పుడు ఆపేసిన భాగాన్ని కూడా కంపైలర్ చదివి, తప్పులుంటే చెబుతుంది. ఎవరూ వాడని స్విచ్చిని దాని కోడ్‌తో సహా తీసేయండి.

మొదటి రెండూ వింటారు. మూడోదానికే చేతులు రావు. 'ఉండనివ్వండి సార్, ఎప్పుడైనా పనికొస్తుందేమో' అంటారు. అటక మీది సామాను గురించి మన ఇళ్లలో వినపడే మాటా ఇదే కదా!