నైనా చేసిన బాయిలరు

మా ఇంటికి వచ్చినవాళ్ళు అద్దాల బీరువాలో ఉండే ఇంజను చూసి "బొమ్మ బాగుండాదే" అంటారు. నైనాకు అక్కడే కోపం. నిప్పు వేసి, నీళ్ళు పోసి నడిపే అసలు ఆవిరి ఇంజను అది. కాకపోతే ఇరవై ఏళ్ళుగా ఒక్క అడుగూ నడవలేదు.

మా తాత నాగపట్నంలో రైల్వే పని చేసేవాడు. 1928లో వర్క్‌షాపును తిరుచ్చి పక్కన పొన్మలైకి మార్చినప్పుడు ఆయనా వచ్చేసినాడు. నైనా అక్కడే బాయిలర్ షాపులో రిటైరు అయినాడు. నీలగిరి కొండ రైలు ఇంజన్లను ఈ రోజుకీ అక్కడే బాగు చేస్తారు, ఆ గొప్ప మా వీధిలో అందరికీ ఉండాది.

రిటైరైనాక తనకోసం ఒకటి మొదలుపెట్టినాడు. ఎల్.బి.ఎస్.సి. అనే కలం పేరుతో ఇంగ్లండులో ఒకాయన రాసిన "టిచ్" ప్లాను, మూడున్నర అంగుళాల గేజి, నాలుగే చక్రాలు. చక్రాలు, సిలిండర్లు, రాగి బాయిలరు అన్నీ అయినాయి. అంతలో ఆపేసినాడు. చెల్లెలి పెళ్ళి ఖర్చు వల్లేనని మేం అనుకున్నాం.

పోయిన వేసవిలో నేనే బయటికి తీసినాను. ఆవిరి పెట్టేముందు బాయిలరును చల్లని నీళ్ళతో పరీక్ష చెయ్యాల. పని చేసే ఒత్తిడి 80 పౌండ్లైతే, దానికి రెండింతలు, 160 దాకా చేతిపంపుతో ఎక్కించాల. నీళ్ళు ఆవిరిలాగా అణగవు, కాబట్టి కుట్టు విడిపోయినా పేలదు, చుక్కలు కారుతాయి అంతే. మాకు 110 దగ్గరే ఫైర్‌బాక్సు పక్కన ఒక స్టే కింద చుక్క పడింది.

నైనా గేజీ చూడలేదు, నేరుగా ఆ చోటే చూసినాడు.

"ఇది నాకు అప్పుడే తెలుసురా."

ముప్పై ఏడేళ్ళు బాయిలర్ షాపులో ఉన్న మనిషి. సొంత బాయిలరు కారిందని ఎవరికి చెప్పుకుంటాడు?

మామూలు టంకం పనికిరాదు. ఆ ఒత్తిడిలో నీళ్ళు 160 డిగ్రీలు దాటి మరుగుతాయి, మెత్తని టంకం ఆ వేడికి బలం పోగొట్టుకుంటుంది. వెండి టంకమే కావాల, అదీ పాతదానికన్నా తక్కువ వేడికి కరిగే రకం, లేకపోతే పాత కుట్లన్నీ కదులుతాయి. నైనాకు ఇప్పుడు చేతులు వణుకుతాయి. దీపం నేను పట్టుకున్నాను.

"ఒక్క చోటే కాల్చొద్దు, రాగి వేడిని లాగేస్తాది. మొత్తం ఎర్రబడనీ... ఇంక తియ్యి, తియ్యరా!"

రెండో పరీక్షలో 160 ఎక్కి నిలిచింది. ఇరవై నిమిషాలు ఇద్దరం మాట్లాడలేదు.

మరుసటి ఆదివారం మేడమీద కట్టెలమీద నిలబెట్టి, కిరసనాయిలులో నానబెట్టిన బొగ్గుతో రాజేసినాం. పొగగొట్టంమీద చిన్న ఫ్యాను పెట్టి గాలి లాగితేనే మొదట నిప్పు అందుకుంటుంది. ముల్లు 30కి పోయేసరికి నేను రెగ్యులేటరు తెరిచినాను. చక్రాలు ఒకసారి నీళ్ళు కక్కి, తిరిగినాయి. నైనాకు వినపడడం తక్కువ, అందుకని పక్కనే చెయ్యి పెట్టి చప్పుడు వేళ్ళతో విన్నాడు.

పక్కింటి మామి కింద నుంచి అరిచింది, "ఏం కాలుతుండాది అక్కడ?"

"ఇంజనమ్మా!" అన్నాడు నైనా. ఆ సాయంత్రమే పట్టాలకు ఎన్ని అడుగులు కావాలో కొలవమన్నాడు.