హయాతునగరమునకు ఒకనాటి యాత్ర

మొగలాయి కట్టడములనగానే మన మనస్సు ఆగ్రాకు పరుగెత్తును. తాజమహలు చూడదగినదే. కాని ఆ మొగలాయిల నెదుట నిలిచి మాటాడిన యొక తల్లి పేర మన నగరపు టంచుననే మసీదు కలదని యెంద రెరుగుదురు?

మేము నలుగురము స్త్రీలము, చరిత్ర తెలిసిన మార్గదర్శకుని వెంటబెట్టుకొని, చల్లని అద్దెకారులో దిలుసుఖ్‌నగరునుండి బయలుదేరితిమి. మెట్రోరైలు స్తంభముల ప్రక్కగా ఎల్‌.బి.నగరు కూడలి దాటి, విజయవాడ బాటను హయాతునగరము చేరితిమి. ఎత్తైన అరుగుపై రెండు మినారుల మసీదు. చుట్టును బాటసారులకై కట్టిన గదులు. చేరువనే ఏనుగుల బావి. పూర్వము గోలకొండ వర్తకులు మచిలీబందరునకు పోయిన మార్గమిదియే.

హయాత్‌ బక్షీ బేగము మహమ్మదు కులీ కుతుబుషా కుమార్తె. అబ్దుల్లా కుతుబుషా తల్లి. 1656లో ఔరంగజేబు గోలకొండను ముట్టడింపగా నామె స్వయముగా శత్రుశిబిరమున కేగి సంధి కుదిర్చెను. అపారధనము నీయవలసివచ్చెను, మనుమరాలిని ఔరంగజేబు కుమారునకిచ్చి పెండ్లి చేయవలసివచ్చెను. గోలకొండ మొగలాయిల వశమైనది 1687లోనే.

మార్గదర్శకుడు బేగము నేర్పును కొనియాడుచుండ, మాలో నొకతె, “ఆ పిల్ల నెవరైన నడిగిరా?” యనెను. ఎవరమును బదులు చెప్పలేకపోతిమి.

తాజమహలులో నిద్రించు ముంతాజు కుమారుడే ఆ ఔరంగజేబు. అచట భర్త భార్యకై కట్టించిన సమాధి. ఇచట కుమారునికై గడపదాటిన తల్లి పేర మసీదు. సోదరీమణులారా, ఆగ్రాకు తప్పక పొండు. అంతకుముందు ప్రార్థనవేళ గాని యొకనాడు, తలపై కొంగు వేసికొని, దీనిని చూచి రండు.