పగిలిన గచ్చు



చిలకలూరిపేట దగ్గర మా ఊరంతా నల్లరేగడి. పత్తికీ మిర్చికీ మంచి నేలే గానీ, వాన పడితే మా గేటు నుంచి వరండా దాకా అడుసే. రెండేళ్ళ కిందట అమ్మ అందులో జారిపడి చెయ్యి విరిగింది. ఆ ఏడు మిర్చి టిక్కీలు అమ్మిన డబ్బులో కొంత నాన్న నా చేతిలో పెట్టి, "చదువుకున్నదానివి, దారి సంగతి నువ్వే చూడమ్మా" అన్నారు.

ఇద్దరు మేస్త్రీలను పిలిచాను. మొదట వచ్చిన పెద్దాయన రేటు చెప్పలేదు. గడ్డపార అడిగి గేటు దగ్గర గుంట తవ్వి చూశారు. "వాన నీళ్ళు ఎటు పోతాయమ్మా? ట్రాక్టరు లోపలికి వస్తుందా?" అని అడిగారు. రెండు రోజులకు చిత్తుకాగితం మీద లెక్క రాసిచ్చారు. రెండో ఆయన కొలతలు తీసుకుని, సాయంత్రానికల్లా ఇంగ్లీషులో టైపు చేసిన ఎస్టిమేటు ఫోనుకు పంపారు. ఒక్క స్పెల్లింగు తప్పు లేదు. రేటూ తక్కువే. పని ఆయనకే ఇచ్చాను.

నల్లమట్టి మీదే కంకర పరిచి, నాలుగు రోజుల్లో కాంక్రీటు పోసి వెళ్ళిపోయారు. చూడ్డానికి అద్దంలా ఉంది. మొదటి ఎండాకాలానికే అడ్డంగా, నిలువుగా పగిలింది. ఫోను చేస్తే ఎత్తలేదు.

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. కింద నేల కదిలితే పైన కాంక్రీటు ఆగదు. రైతుబిడ్డగా ఇది నాకు తెలిసిందే. అయినా ఆ ఇంగ్లీషు కాగితం చూశాక అడగాలని తట్టలేదు.

మొహం చెల్లక, తలదించుకునే పెద్దమేస్త్రి ఇంటికి వెళ్ళాను. ఆయన ఒక్క మాట దెప్పలేదు. 2 అడుగుల లోతున నల్లమట్టి తీయించారు. గ్రావెలు పొరలు పొరలుగా పోసి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో గట్టిపరిచారు. సిమెంటు ఒక పాలు, ఇసుక 2, కంకర 4 కలిపి పోశారు. నీళ్ళు నిలవకుండా కాలవ వైపు వాలు ఇచ్చారు. 8 అడుగులకొక జాయింటు వదిలారు. పైన వరిగడ్డి కప్పి, 10 రోజులు తడపమన్నారు. "పొయ్యడం ఒక్కరోజు పనమ్మా. తడపడమే అసలు పని" అన్నారు. రోజూ స్కూలుకు వచ్చేముందు, ఇంటికి వెళ్ళాక నేనే తడిపాను.

మొన్నటి వానల్లో అమ్మ గోడ పట్టుకోకుండా గేటు దాకా నడిచింది. పోయిన డబ్బు గురించి నాన్న ఇప్పటికీ ఎత్తరు. అదే నాకు ఎక్కువ బాధ.

ఆ గచ్చు మీద నడిచి క్లాసుకు వచ్చినప్పుడల్లా ఒకటి గుర్తొస్తుంది. ముత్యాల్లాంటి చేతిరాతకు, గడగడా మాట్లాడే ఇంగ్లీషుకు నేను ఎన్నిసార్లు తొందరపడి "వెరీ గుడ్" అన్నానో! వెనక బెంచీలో కూర్చుని "ఎందుకు మేడం?" అని తెలుగులో అడిగిన పిల్లవాణ్ణి ఎన్నిసార్లు "ఇంగ్లీషులో అడుగు" అని కూర్చోబెట్టానో!

ఈ నెల మీకొక చిన్న మనవి. ఒకరోజు రాత్రి అన్నాలయ్యాక, ఆరోజు పాఠం ఒకటి మీ పిల్లల్ని తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే వాళ్ళను కోప్పడకండి. పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు నన్ను అడగండి. ఎక్కడ మళ్ళీ తవ్వాలో ఇద్దరం కలిసి చూద్దాం.