బొగ్గుట్ట

తెలంగాణలో ఇల్లందు అనే చిన్న ఊరు ఉంది. దానికి బొగ్గుట్ట అనే పేరు కూడా ఉంది. పూర్వం భద్రాచలం పోయే యాత్రికులు అక్కడ ఆగి, మూడు నల్లరాళ్ళు పెట్టి వంటకు నిప్పు చేస్తే, రాళ్ళే అంటుకుని మండాయట! ఆ కథ మాట ఎలా ఉన్నా, 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడ బొగ్గు ఉన్నదని కనిపెట్టాడు. ఒక బొగ్గుపొరకు ఆయన పేరే పెట్టి, కింగ్ సీమ్ అన్నారు.

1886లో ఒక ఇంగ్లీషు కంపెనీ అక్కడ గనులు తవ్వే హక్కు సంపాదించింది. బొగ్గు బరువైన సరుకు. ఎడ్లబళ్ళమీద దూరం తోలితే గిట్టదు. అందుచేత డోర్నకల్ నుంచి రైలుదారి వేశారు. 1889లో తవ్వకం మొదలయింది. అడవి మధ్య ఊరు పెరిగింది. దగ్గరలో ఉన్న సింగరేణి అనే పల్లె పేరు గనులకు వచ్చింది. 1920లో కంపెనీకి కూడా అదే పేరయింది. విచిత్రమేమిటంటే, ఇల్లందు స్టేషనుకు సైతం సింగరేణి కాలరీస్ అనే పెట్టారు!

పిల్లలూ, గనిని అక్కడివాళ్ళు "బాయి" అంటారు. బాయి లోపల దారులు తవ్వుతూ, పైకప్పు కూలకుండా బొగ్గునే పెద్ద పెద్ద స్తంభాలుగా వదిలిపెడతారు. పనివాడు కర్రతో కప్పును తట్టి చూస్తాడు. ఖంగుమంటే భయం లేదు. డొల్లగా మోగితే వెంటనే పక్కకు తప్పుకోవాలి. ఎన్నో ప్రాణాలు ఆ చప్పుడు మీద ఆధారపడి ఉండేవి. చివరకు ఆ స్తంభాలను కూడా తవ్వుకుంటూ వెనక్కి వస్తారు. ఖాళీ అయిన చోట కప్పు కూలిపోతుంది. పొలమైతే ఏటేటా పండుతుంది. బొగ్గుపొర పంట ఒక్కసారే.

1937లో కొత్తగూడెంలో తవ్వకం మొదలయింది. కంపెనీ ప్రధాన కార్యాలయం కూడా అక్కడికే చేరింది. తరవాత గోదావరి ఒడ్డున రామగుండం గనులు వచ్చాయి. ఇల్లందు బాయిలు ఒకటొకటిగా మూతపడ్డాయి. తండ్రి బాయిలోకి దిగితే కొడుకూ దిగిన ఊరు అది. ఆ కొడుకుల పిల్లలు పని వెతుక్కుంటూ వేరే ఊళ్ళకు పోవలసివచ్చింది.

బొగ్గు తవ్వకం పూర్తిగా ఆగిపోలేదు. ఆ చుట్టుపక్కల భూమిని పైనుంచే తవ్వే గనులు వచ్చాయి. వాటిలో తట్టలు మోసేవాళ్ళు లేరు. ఇంటి ఎత్తున లారీలు తిరుగుతాయి. అటు వెళితే దూరం నుంచే గుట్టలు కనబడతాయి. అవి బొగ్గు గుట్టలు కావు. బొగ్గు కోసం తీసి పోసిన మట్టి.