మూత తీయకుండానే లెక్క

మన హాస్టలు వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోను చేసి అడిగినప్పుడు మేము ముగ్గురం చాలాసేపు ఆలోచించాం. కవితలు రాయడం మాకు రాదు. నీతులు చెప్పేంత పెద్దవాళ్ళమూ కాదు. చివరికి మాకు అన్నం పెడుతున్న పని గురించే రాద్దామని నిశ్చయించుకున్నాం. ఎక్కడో దూరాన ఉన్న సర్వరులో ఎలాంటి ర్యామ్ ఉందో, దాని మూత తీయకుండా, మన బల్ల దగ్గర కూర్చునే లినక్స్ కమాండ్లతో తెలుసుకోవడం ఎలాగన్నదే ఆ సంగతి. వినడానికి చిన్నదే. కానీ అది తెలియక మేము ఒకసారి తలదించుకున్నాం. అందుకే మీకు చెప్పాలనిపించింది.

మేము దుర్గి హాస్టలులో ఉండి 2003లో పదో తరగతి పాసయ్యాం. అప్పుడు మనది గుంటూరు జిల్లా. పల్నాడు జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న. హాస్టలు రోజుల్లో మేము కంప్యూటరును ముట్టుకున్నది లేదు. మాకు తెలిసిన పెట్టె ట్రంకు పెట్టె ఒక్కటే. అయితే మా ఉద్యోగానికి పనికొచ్చిన మొదటి పాఠం మాత్రం ఈ హాస్టలు స్టోరు గదిలోనే నేర్చుకున్నాం. అది పాఠమని అప్పుడు మాకు తెలియదు.

నెలాఖరున వార్డెన్ సారు స్టాకు రిజిస్టరు పట్టుకుని స్టోరు గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మేము లోపలికి వెళ్ళి బియ్యం బస్తాల మీద కుట్టిన చీటీలు ఒక్కొక్కటే పైకి చదివేవాళ్ళం. బస్తాలు విప్పే పని లేదు. ఒకసారి మాలో ఒకడు విసుగొచ్చి, "అన్నీ రిజిస్టరులో ఉన్నాయి గదా సారూ, మళ్ళీ చదవడం ఎందుకు?" అన్నాడు. సారు కోప్పడలేదు. "ఒరేయ్, పుస్తకం రాసింది మనిషి. బస్తా మీద చీటీ ఇంకో చోట కుట్టింది. రెండూ ఒకే మాట చెప్పినప్పుడే నేను సంతకం పెడతా" అన్నారు. మేము నవ్వుకుని ఊరుకున్నాం.

ఆ తరువాత మాచర్లలో ఇంటరు, గుంటూరులో బి.ఎస్సీ. కంప్యూటర్స్ చదివి, అందరిలాగే హైదరాబాదు అమీర్‌పేటకు చేరాం. ముగ్గురం ఒకే గదిలో ఉండి, ఒకే పుస్తకం మార్చి మార్చి చదువుకుని లినక్స్ నేర్చుకున్నాం. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టినప్పుడు అతనికి 21 ఏళ్ళు, హెల్సింకీలో విద్యార్థి. ఆ మాట మొదటి రోజు క్లాసులో విన్నప్పుడు మాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేం. 2009లో ఒక చిన్న కంపెనీలో ముగ్గురికీ సర్వర్లు చూసుకునే ఉద్యోగం దొరికింది. కొన్ని ఫ్యాక్టరీల కార్మికుల జీతాల లెక్కలు కట్టడం ఆ కంపెనీ పని. ఆఫీసు హైదరాబాదులో, సర్వరు చెన్నైలో. మేము ఇక్కడి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ అనే దారి గుండా దానిలోకి వెళ్ళి పని చేసేవాళ్ళం. 1995లో ఫిన్లాండులోనే టాటు యులోనెన్ అనే ఆయన తయారు చేసిన దారి అది. మధ్యలో ఎవరూ తొంగిచూడకుండా రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే ఏర్పాటు.

2011లో ఆ సర్వరు నెలాఖరు వచ్చిందంటే మూలగడం మొదలుపెట్టింది. ర్యామ్ చాలక హార్డుడిస్కును అరువు అడుగుతోంది. జీతాల పట్టీలు రాత్రికి రావలసినవి మర్నాడు మధ్యాహ్నానికి వచ్చేవి. అవతల జీతం కోసం ఎదురుచూసేది మన నాన్నల్లాంటి కూలీలే. ర్యామ్ పెంచుదామని మేమే చెప్పాం. 'ఫ్రీ' అనే కమాండు కొట్టి చూస్తే సుమారు 16 జీబీ ఉన్నట్టు చూపింది. డీడీఆర్3 రకమని పాత కాగితాల్లో ఉంది. అంతే, ఇంకేమీ చూడలేదు. సికింద్రాబాదు వెళ్ళి 4 జీబీ డీడీఆర్3 స్టిక్కులు రెండు కొన్నాం. మాలో ఒకడు వాటిని చొక్కా జేబులో భద్రంగా పెట్టుకుని చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు.

మర్నాడు అర్ధరాత్రి సర్వరు ఆపి, మూత తీసి, స్టిక్కులు పెట్టారు. అవి స్లాటులో టక్కున కూర్చున్నాయి. 240 పిన్నులకు 240 పిన్నులు, గాడి దగ్గర గాడి. కానీ సర్వరు లేవలేదు. తీసి పెట్టారు, తుడిచి పెట్టారు, స్లాటు మార్చి పెట్టారు. లేవలేదు. చివరికి అక్కడ పని చేసే తెలుగు కుర్రాడు పాత స్టిక్కు ఒకటి లైటు కింద పట్టుకుని చూసి, "అన్నా, పాతదాని చీటీ మీద పీసీ3-10600 పక్కన ఆర్ అని ఉంది. మీరు తెచ్చినదాని మీద యు అని ఉంది" అన్నాడు. హైదరాబాదులో ఫోను పట్టుకుని కూర్చున్న మా ఇద్దరికీ ఆ అక్షరం అర్థం కాలేదు. పాత స్టిక్కుల చీటీలన్నీ అతను చదువుతుంటే నోటు పుస్తకంలో రాసుకున్నాం. తెల్లవారుజామున పాతవే పెట్టి సర్వరు లేపారు.

ఆ అక్షరం సంగతి తరువాత తెలిసింది. ఆర్ అంటే రిజిస్టర్డ్. స్టిక్కు మీద ఒక చిన్న చిప్పు మధ్యవర్తిగా నిలబడి, ప్రాసెసరు నుంచి వచ్చే ఆదేశాలను అందుకుని మెమరీ చిప్పులకు అందిస్తుంది. ఎక్కువ స్టిక్కులు పెట్టే సర్వర్లకు అది కావాలి. యు అంటే అలాంటి మధ్యవర్తి లేనిది, ఇళ్ళలో వాడే కంప్యూటర్లది. డీడీఆర్3లో రెండూ ఒకే స్లాటులో కూర్చుంటాయి, కానీ కలిసి పని చెయ్యవు.

మర్నాడు ఆఫీసు మీటింగులో అందరి ముందు ఒక పెద్దమనిషి, "హాస్టలు చదువులు ఇలాగే తగలబడతాయి" అన్నారు. మాకు నోరు పెగల్లేదు. తప్పు మాదే కాబట్టి ఎదురు చెప్పలేకపోయాం. స్టిక్కుల సీలు తీసేశాం కాబట్టి తిరిగి ఇవ్వడం కుదరలేదు. ఆ డబ్బు మా జీతాల్లోంచి కట్టాం. డబ్బు పోయినందుకు కాదు గానీ, ఆ మాటకు ఆ రాత్రి ముగ్గురికీ అన్నం సహించలేదు. తప్పు చేసింది మేము. హాస్టలు కాదు. మరి ఆ మాట హాస్టలుకు ఎందుకు తగలాలి?

ఆ వారం నుంచే పట్టుబట్టి చదవడం మొదలుపెట్టాం. రాత్రిపూట లినక్స్ మాన్యువల్ పేజీలు, పక్కన ఇంగ్లీషు డిక్షనరీ. అప్పుడు దొరికింది డీఎంఐడీకోడ్ అనే పరికరం. ఆలన్ కాక్స్, జాన్ డెల్వార్ అనే ఇద్దరు రాసిన చిన్న ప్రోగ్రాం అది. చాలా కంప్యూటర్లలో బయోస్ ఒక పట్టిక తయారు చేసి పెడుతుంది. బోర్డు ఏది, ప్రాసెసరు ఏది, ఏ స్లాటులో ఏ ర్యామ్ ఉంది అని వివరంగా రాసి ఉంటుంది. దానినే ఎస్‌ఎంబయోస్ పట్టిక అంటారు. డీఎంఐడీకోడ్ ఆ పట్టికను మనకు చదివి వినిపిస్తుంది. అంటే అచ్చంగా మన స్టాకు రిజిస్టరే!

రూట్ అధికారంతో 'డీఎంఐడీకోడ్' అని కొట్టి, ఖాళీ వదిలి 'హైఫన్ టీ', మళ్ళీ ఖాళీ వదిలి '16' అని రాస్తే మొత్తం ఎన్ని స్లాట్లు, గరిష్ఠంగా ఎంత ర్యామ్ పడుతుంది, తప్పులు దిద్దుకునే ఏర్పాటు ఉందా అన్నది చెబుతుంది. '16' బదులు '17' అని రాస్తే ఒక్కొక్క స్లాటు గురించి విడివిడిగా చెబుతుంది. స్లాటు పేరు, సైజు, రకం, వేగం, తయారీదారు, సీరియల్ నంబరు, పార్టు నంబరు అన్నీ వరుసగా వస్తాయి. ఖాళీ స్లాటు ఉంటే 'నో మాడ్యూల్ ఇన్‌స్టాల్డ్' అని వస్తుంది.

సర్వరును కదపకుండా, ఆపకుండా, చెన్నై వెళ్ళకుండా మేము ఆ కమాండు కొట్టాం. 'టైప్ డిటైల్' దగ్గర రిజిస్టర్డ్ అన్న మాట కనిపించింది. 'టోటల్ విడ్త్' 72 బిట్లు, 'డేటా విడ్త్' 64 బిట్లు. మిగిలిన 8 బిట్లు తప్పులు పట్టుకుని దిద్దడానికి. దానినే ఈసీసీ అంటారు. అంటే మేము అర్ధరాత్రి దాకా వెతికిన జవాబు అన్ని రోజులూ ఆ పట్టికలోనే ఉంది. మేమే అడగలేదు. రైలు టిక్కెట్టు కొన్నాం గానీ, పది సెకన్ల కమాండు కొట్టలేదు.

ఆ పట్టికలోనే ఇంకో ప్రమాదమూ బయటపడింది. మొత్తం స్లాట్లు 12, స్టిక్కులు ఉన్నవి నాలుగు. కాబట్టి ఎనిమిది ఖాళీ అనుకుంటాం. కానీ 'హైఫన్ టీ 4' అని అడిగితే ప్రాసెసరు సాకెట్లు రెండని, రెండోది ఖాళీ అని తేలింది. సగం స్లాట్లు ఆ లేని ప్రాసెసరువి. వాటిలో ఏం పెట్టినా కనిపించదు. పనికొచ్చే ఖాళీలు రెండే.

ఈసారి తొందరపడలేదు. ఎందుకంటే డీఎంఐడీకోడ్ మాన్యువల్ పేజీయే చివర్లో హెచ్చరిస్తుంది, పట్టికలో ఉన్నదంతా నిజమని నమ్మవద్దని. బయోస్ రాసినవాళ్ళు కొన్ని గడులు ఖాళీగా వదిలేస్తారు, కొన్ని తప్పుగా నింపుతారు. అది చదవగానే మా ముగ్గురికీ వార్డెన్ సారి మాటే గుర్తొచ్చింది. పుస్తకం రాసింది మనిషి. మరి బస్తా మీద చీటీ ఏది? మా నోటు పుస్తకం తీశాం. ఆ రాత్రి చెన్నై తమ్ముడు ఫోనులో చదివిన పార్టు నంబరు, డీఎంఐడీకోడ్ చూపిన పార్టు నంబరు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం కలిపి చూశాం. రెండూ ఒకటే. అప్పుడే కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టాం.

మూడు వారాల తరువాత అదే పార్టు నంబరువి రెండు స్టిక్కులు పంపాం. ఏ స్లాటులో పెట్టాలో పేరుతో సహా రాసి పంపాం. మేము ఎవరమూ వెళ్ళలేదు. చెన్నై తమ్ముడు పెట్టి, సర్వరు ఆన్ చేసి, "అన్నా, చూడండి" అన్నాడు. ఇక్కడి నుంచి చూస్తే ఆరు స్లాట్లలో ఆరు స్టిక్కులు, మొత్తం 24 జీబీ. ఆ నెల జీతాల పట్టీలు తెల్లవారకముందే వెళ్ళిపోయాయి. మీటింగులో ఎవరూ మమ్మల్ని మెచ్చుకోలేదు. కానీ ఆ తరువాత ర్యామ్ కొనాలంటే ముందు మా కాగితం చూసేవారు. మాకు అది చాలు.

ఇప్పుడు ఈ పని నేర్చుకునే తమ్ముళ్ళకు రెండు మూడు జాగ్రత్తలు చెబుతాం. అసలైన చీటీ స్టిక్కు మీదే ఒక చిన్న చిప్పులో కూడా రాసి ఉంటుంది, దానిని ఎస్‌పీడీ అంటారు. ఐ2సీ టూల్స్‌లోని 'డికోడ్ డిమ్స్' దానిని చదువుతుంది. అయితే కొన్ని సర్వర్లలో ఆ దారి మూసి ఉంటుంది. 'ఎల్ఎస్‌హెచ్‌డబ్ల్యూ' అనే కమాండు కూడా ఇలాంటి వివరాలే చూపిస్తుంది. అద్దెకు తీసుకున్న క్లౌడు సర్వరులో డీఎంఐడీకోడ్ చూపించేది చాలావరకు కల్పించిన పట్టిక, అసలు యంత్రానిది కాదు. దానిని చూసి ఏమీ కొనకండి. డీడీఆర్4కు 288 పిన్నులు. డీడీఆర్5లో పిన్నులు అన్నే ఉన్నా గాడి వేరు, బిట్ల లెక్క కూడా వేరు. కాబట్టి మా లెక్కను బట్టీ పట్టకండి, అడిగే పద్ధతి నేర్చుకోండి.

మొన్న సంక్రాంతికి దుర్గి వచ్చినప్పుడు ఒక శిల్పి కొత్త రాయి ముందు కూర్చుని ఉండగా చూశాం. మన ఊరి పేరు నలుగురికీ తెలిసింది ఆ శిల్పాల వల్లే. ఆయన వెంటనే ఉలి పెట్టలేదు. చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టి చెవి పెట్టి విన్నాడు. లోపల పగులుంటే మోత మారుతుందట. చిన్నప్పుడు బడికి పోతూ రోజూ విన్న చప్పుడే అది. అప్పుడు ఆటనుకున్నాం.

అక్కడి నుంచి హాస్టలుకు వచ్చి స్టోరు గది గుమ్మంలో కాసేపు నిలబడ్డాం. ఇద్దరు పిల్లలు లోపల బస్తాలు లెక్కపెడుతున్నారు. "చీటీలు కూడా చదవండిరా" అన్నాం. వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వి, గట్టిగా చదవడం మొదలుపెట్టారు.