ఎండల మల్లన్న సన్నిధిలో ఒక ముసుగు



సంస్కృతంలో ధూళికి 'రజస్సు' అని పేరు. గుణత్రయంలో నడిమిదైన రజోగుణాన్ని చెప్పేదీ అదే శబ్దం. ముప్పది సంవత్సరాలు ఉపాధ్యాయునిగా ఈ శ్లేషను విద్యార్థులకు వివరించి, వారు తలలూపితే సంతోషించినవాణ్ణి. ఆ రెండర్థాలూ ఒక్కచోట నాకు అనుభవానికి వచ్చినది మాత్రం గత కార్తీకమాసంలో, అదీ ఒక కారు మూలంగా. సాధకులైన పాఠకులకు నివేదించదగినంత గొప్ప విషయమేమీ కాదు. చెప్పుకోవడానికి కొంత సిగ్గుగా కూడా ఉన్నది.

మాది కోటబొమ్మాళి. ఉద్యోగవిరమణ సమయంలో చేతికి వచ్చిన ధనంలో కొంత వెచ్చించి ఒక నల్లని కారు కొన్నాను. మా ఇంట అది మొదటి కారు. తండ్రిగారు జీవితాంతం సైకిలు మీదనే తిరిగారు. మా అమ్మకు ఎనభై రెండేళ్లు. కార్తీక సోమవారాలలో టెక్కలి సమీపాన ఉన్న రావివలస వెళ్లి ఎండల మల్లికార్జునస్వామిని దర్శించుకోవడం ఆమెకు చిరకాల నియమం. ఇన్నాళ్లూ టెక్కలి వరకు బస్సులోను, అక్కడినుండి ఆటోలోను వెళ్లేది. కారు కొన్ననాడు, "ఇంక మల్లన్న దగ్గరికి దీన్లోనే ఎల్దాం బాబూ" అన్నది. నేను కారు కొన్నందుకు అంతకు మించిన సార్థకత లేదని ఆ క్షణాన నిజంగానే అనుకున్నాను.

మా ఊరి కొత్తమ్మతల్లి ఉత్సవాలు వానల వేళ వస్తాయి గనుక అప్పుడు బాధించేది బురద. కార్తీకం నాటికి వర్షాలు వెనుకబడి నేల ఆరిపోతుంది. టెక్కలి పరిసరాలలో గ్రానైటు క్వారీలున్నాయి. ఇక్కడి నీలిరాయి దేశాంతరాలకు ఎగుమతి అవుతుంది. ఆ శిలాఖండాలను మోసుకుపోయే లారీలు రోడ్డు పొడవునా సన్నని బూడిదరంగు పొడిని వదులుతూ పోతాయి. దానికి తోడు సోమవారం నాడు వేలాదిగా వచ్చే భక్తుల వాహనాలు రోడ్డు పక్క ఖాళీ స్థలాలలో నిలుస్తూ, కదులుతూ ఎర్రమట్టిని రేపుతుంటాయి. ఇంతలో సముద్రపు గాలి. నల్లని కారు మీద ఈ ధూళి ఎట్లా కనిపిస్తుందో నల్లని కారున్నవారికి చెప్పనక్కరలేదు.

మా అబ్బాయి జయపురంలో ఉద్యోగం చేస్తున్నాడు. రాజస్థాన్‌లో సరిగ్గా ఇదే కార్తీకమాసంలో, పూర్ణిమ వరకు, పుష్కర క్షేత్రంలో ఒంటెల మేళా జరుగుతుంది. ఎడారి అంచున జరిగే ఆ ఉత్సవానికి వాడు రెండుమార్లు కారులో వెళ్లివచ్చాడు. ఫోనులో నాకు చాలా జాగ్రత్తలు చెప్పాడు. దారిలో అద్దాలన్నీ ఎత్తి, బయటిగాలి లోనికి రాకుండా ఏసీ రీసర్క్యులేషన్ మీట నొక్కి ఉంచాలి. పొడి అద్దం మీద వైపర్ తిప్పరాదు, ముందు నీరు చిమ్మాలి. అన్నిటికంటె ముఖ్యమైనది, ఎంత ధూళి పడినా పొడిగుడ్డతో తుడవరాదు. ధూళిలో ఉండే ఇసుకరేణువు చాలావరకు స్ఫటికజాతి శిల. మోహ్స్ కాఠిన్యమానంలో దానిది 7. కిటికీ అద్దానిది ఐదున్నర ప్రాంతం. కారు రంగు మీది పారదర్శకపు పూత అంతకంటె ఎంతో మెత్తనిది. గుడ్డతో ఒత్తి తుడిస్తే రేణువు గీత గీసుకుంటూ పోతుంది. కనుక ముందు చేయి తగలకుండా పైనుండి క్రిందికి నీరు ధారగా పోసి, రేణువులు జారిపోయిన తరువాతనే నురుగుతో, మెత్తని గుడ్డతో కడగాలి. వాడు చెప్పినవన్నీ కాగితం మీద వ్రాసుకున్నాను. ఉపనిషత్తు చదివేటప్పుడు కూడా నేనింత శ్రద్ధగా వ్రాసుకున్నట్లు జ్ఞాపకం లేదు.

వాడు చెప్పనిది, నేను అడగనిది ఒకటి చేశాను. శ్రీకాకుళంలో పదిహేను వందల రూపాయలకు కారు మొత్తానికి తొడిగే ముసుగు కొన్నాను.

మొదటి సోమవారం ఉదయం బయలుదేరాము. రావివలస చేరేసరికి తొమ్మిది దాటింది. ఒక చింతచెట్టు నీడ కోసం ఆ స్థలంలో రెండు చుట్లు తిరిగాను. దొరికింది. అమ్మను దింపి, ముసుగు తీసి తొడగడం మొదలుపెట్టాను. కొత్తది గనుక ముందేదో వెనుకేదో తెలియలేదు. ఒక కొన లాగితే మరొక కొన గాలికి లేచిపోయేది. క్రింది తాళ్లు కట్టడానికి నేలమీద మోకరిల్లవలసి వచ్చింది. అడ్డం పక్కన ఇంకొకరు ఆటో నిలిపితే, కొంచెం దూరంగా పెట్టమని వారితో వాదించాను. ఇంతా అయ్యి లేచి చూసేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. చెట్టు నీడంతా కారు ఆక్రమించింది. అమ్మ ఎండలో నిలుచుని ఉన్నది. పూజాద్రవ్యాల సంచి చేతిలోనే ఉన్నది. కొంగు నెత్తిన కప్పుకున్నది. ముఖం ఎర్రబడి, పెదవులు ఆరిపోయి ఉన్నాయి. "ఏమ్మా, ఇటు నీడకు రాలేకపోయావా?" అని విసుక్కున్నాను. ఆమె అన్నది: "ఎక్కడికి వత్తాను బాబూ, నీ గుడ్డ తొక్కేత్తానని."

కొంచెం ఆగి, ముసుగు కేసి చూసి, "దానికి ఎండ తగిలితే ఏటవుతాది? సామికే తగల్తంది గదా" అన్నది. ఎత్తిపొడుపు కాదు. ఆమెకు నిజంగానే సందేహం కలిగింది.

ఈ స్వామిని చూడనివారికి ఆ మాట అర్థం కావాలంటే కొంత చెప్పాలి. రావివలసలోని మహాలింగానికి పైకప్పు లేదు. ఎండ, వాన, మంచు, ధూళి అన్నీ నేరుగా స్వామి మీదనే పడతాయి. అందుకే ఎండల మల్లన్న. స్థలపురాణం ప్రకారం, లంకాయుద్ధానంతరం శ్రీరాముడు తిరిగి వస్తూ ఇక్కడి కొండపై ఆగినప్పుడు, వానరవైద్యుడైన సుషేణుడు ఇచ్చటి ఓషధులను, వ్యాధిగ్రస్తులైన ప్రజలను చూసి ఇక్కడే ఉండిపోయాడు. వైద్యం చేస్తూ, శివుని గూర్చి తపస్సు చేస్తూ దేహం విడిచాడు. తరువాత వచ్చిన ఆంజనేయుడు ఆ కళేబరంపై అజినాన్ని, అనగా జింకచర్మాన్ని కప్పి, మల్లికాపుష్పాలు ఉంచి, రామునికి నివేదించాడు. రాముడు వచ్చి చర్మం తొలగించి చూస్తే శరీరం లేదు, లింగం ఉన్నది. మల్లికలు, అజినం కలిసి మల్లికాజినుడు, జనం నోట మల్లికార్జునుడు. తరువాతికాలంలో టెక్కలి జమీందారు ఆలయం నిర్మింపబూనగా స్వామి స్వప్నంలో కనిపించి వలదన్నాడని, తనను తాకిన గాలి, తనపై పడిన ఎండ ప్రజలకు ఆరోగ్యం కావాలని పలికాడని స్థానికులు చెబుతారు. వైద్యుడు శివుడైతే చెప్పవలసిన మాటే.

ఈ కథ నాకు బాల్యం నుండి తెలుసు. ఆనాడు వరుసలో నిలుచుని అమ్మ పట్టుదప్పిన చేతిని పట్టుకున్నప్పుడు మాత్రం కథ వినబడలేదు. కాళ్లు తేలుతున్నాయని ఆమె ఒకచోట కూర్చుండిపోయింది. ఎవరో ఒక తల్లి తన సీసాలోని నీళ్లు త్రాగించింది. తేరుకున్నాక దర్శనం అయింది. నేను లింగం ముందు నిలిచి కళ్లు మూసుకున్నాను. మూసిన కళ్ల వెనుక ఏమి కనిపించిందని అడిగితే, సత్యం చెప్పాలి గనుక చెబుతున్నాను. చింతచెట్టు క్రింద గాలికి ముసుగు తాడు ఊడిందేమోనన్న చిత్రం కనిపించింది.

తిరిగివచ్చాక ముసుగు విప్పి మడత పెడుతున్నాను. అమ్మ కారు తలుపు తెరిచి, సీటు మీద అడ్డంగా కూర్చుని, కాళ్లు రెండూ బయట ఉంచి, కొంగుతో ఒక్కొక్క అరికాలూ దులుపుకుంటున్నది. వేళ్ల సందులు కూడా. తడి ఆరని కొంగుకు ఎర్రమట్టి అంటుకున్నది. చీర పాడయినా ఫరవాలేదు, కారు పాడవరాదని ఆమె నిశ్చయించుకున్నది. ఇట్లా చేయమని నేను ఎన్నడూ చెప్పలేదు. చెప్పకుండానే నేర్పాను. క్షేత్రధూళిని శిరస్సున ధరించాలని, పాదధూళితో శిల స్త్రీ అయిందని పాఠాలు చెప్పిన నోరు ఆ క్షణంలో "ఫరవాలేదమ్మా" అని కూడా అనలేకపోయింది, ఎందుకంటే మనసులో ఒక మూల 'మంచిదే' అనుకున్నాను.

ఆ రాత్రి అబ్బాయి చెప్పిన విధంగా నీరు ధారగా పోసి కారు కడిగాను. ఆరిన తరువాత వాకిట దీపం వెలుతురులో చూస్తే పైకప్పు మీద, తలుపుల అంచులలో సాలెగూడు వంటి సన్నని గీతలు. గుడ్డ పెట్టి తుడవనే లేదు కదా అని ఫోను చేశాను. వాడు నవ్వాడు. "నాన్నగారూ, దారిలో పడిన దుమ్ము ఉండగానే దానిమీద కవరు వేశారా? గాలి కవరును ఊపుతుంటే అది గంటలకొద్దీ గరుకు కాగితంలా రుద్దుతుంది. కడిగిన కారు, గాలి లేని షెడ్డు, అక్కడైతేనే కవరు. దుమ్ము పడితే పడనివ్వండి. దానంతటది ఏమీ చేయదు."

చాలాసేపు ఆ వాకిటనే కూర్చున్నాను. వేదాంతం చదివినవాడికి ఇట్లాంటి చోట ఉపమానాలు వద్దన్నా వస్తాయి. అవిద్యకు ఆవరణశక్తి, విక్షేపశక్తి అని రెండున్నాయని చదువుకున్నాము. కప్పడం ఒకటి, కప్పినచోట లేనిదాన్ని చూపి చెదరగొట్టడం మరొకటి. కఠోపనిషత్తు శరీరాన్ని రథమన్నది, బుద్ధిని సారథి అన్నది. రథికుడెవరో మరువకుమని ఆ రూపకం ఉద్దేశం. నా విషయంలో రథానికి నీడ దొరికింది. రథంలో వచ్చిన తల్లి ఎండలో నిలిచింది. శాస్త్రప్రమాణం దీనికి అవసరమా అని కూడా అనిపించింది. పక్కింటి నిరక్షరాస్యుడైనా ముందు అమ్మను నీడన కూర్చోబెట్టేవాడు. నా వంటివానికి ఉపమానం దొరకగానే అపరాధం తేలికపడినట్లుండడమే పెద్ద ప్రమాదం. కనుక దానిని అక్కడికి ఆపుతాను.

రెండవ సోమవారం ముసుగు ఇంటిలోనే వదిలాను. అమ్మను చెట్టు నీడన దింపి, కారును దూరంగా, ఎండలో, అందరి వాహనాల నడుమ నిలిపాను. వదిలివచ్చానని గొప్పగా చెప్పలేను. వరుసలో ఉండగా రెండుసార్లు వెనుకకు తిరిగి చూశాను. దర్శనమయ్యాక సీతకుండం నీరు అమ్మ నెత్తిన చల్లుకుని నా నెత్తిన కూడా చల్లింది. వచ్చేసరికి వెనుక అద్దం మీది ధూళిలో ఎవరో పిల్లవాడు వేలితో శివలింగం గీసి మూడు అడ్డనామాలు పెట్టాడు. వేలితో గీసినా ఇసుక గీత పడుతుందని అబ్బాయి చెప్పనే చెప్పాడు. పడింది కూడా, తెలిసి చూస్తే ఇప్పటికీ కనిపిస్తుంది.

మూడవ వారం అమ్మకు ఒంట్లో బాగులేక వెళ్లలేదు. నాల్గవ సోమవారం జనం ఎక్కువ, లారీలూ ఎక్కువ, కారు రంగు ఏదో తెలియనంతగా ధూళి. అమ్మ తలుపు తెరిచి యథాప్రకారం అడ్డంగా కూర్చుని కొంగు చేతిలోకి తీసుకున్నది. నేను వంగి ఆమె పాదాలు పట్టుకుని, "దులపకమ్మా, అట్లాగే లోపల పెట్టుకో" అన్నాను.

"నువ్వూరుకోరా బాబూ. మట్టి పడితే మళ్లీ నువ్వే కడుక్కోవాల" అని నా చేతులు తొలగించి, మొదట కుడి అరికాలు, తరువాత ఎడమది, వేళ్ల సందులతో సహా దులుపుకుని అప్పుడు లోపలికి జరిగి కూర్చున్నది. నేను తలుపు మూసి ఇటువైపు వచ్చి ఇంజను తిప్పాను.